ప్లాట్ల డబ్బా: ఆదివారం ఆటకి కథలు పుట్టించే ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మొన్న ఆదివారం ఆట మధ్యలో మా బావ మిక్చర్ నములుతూ "మళ్ళీ గుహేనా బామ్మర్దీ?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వా, కానీ పడుకున్నాక ఆ మాటే బుర్రలో తిరుగుతూ ఉంది. లెక్క చూసుకుంటే నిజమే, గత ఐదు కథల్లో మూడు గుహలు, ఒకటి పాడుబడ్డ కోట, ఇంకోటి పాడుబడ్డ కోట కింద గుహ.

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పేస్తా. మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కళ్ళు ఒక పాత్ర వేస్తారు, డీఎం (డంజన్ మాస్టర్) అనేవాడు మిగతా లోకాన్నంతా ఆడిస్తాడు, ఏదైనా పని అవుతుందో లేదో తేలాలంటే ఇరవై ముఖాల పాచిక వేస్తాం. క్యాంపెయిన్ అంటే ఇలా నెలల తరబడి సాగే కథ. మా ఇంట్లో డీఎం నేనే, ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి. అక్క దొంగ, బావ గొడ్డలి వీరుడు, పిన్ని కూతురు మంత్రగత్తె (ఇంటర్ సెకండియర్, పరీక్షలప్పుడు మంత్రగత్తె కొండమీద తపస్సులో ఉంటుంది), ఆఫీసులో నా జూనియర్ పాటగాడు, ఇంతవరకు ఒక్క పాట పాడలేదు.

ప్రాజెక్టు ఏంటంటే ఒక డబ్బా. శనివారం రాత్రి అన్నం తిన్నాక అరగంటలో, పాచికలు వేసి చీటీలు తీసి, ఆదివారం ఆటకి సరిపడా కథ బయటికి రావాలి. అంతే.

2వ రోజు

అందరూ చేసే పనే నేనూ చేశా, పట్టీలు రాశా. ఇదేం కొత్త ఐడియా కాదు, 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట బయటికి తెచ్చినప్పుడే దారిలో ఏ భూతం ఎదురవ్వాలి, దాని దగ్గర ఏం నిధి దొరకాలి అన్నవి పాచిక వేసి తేల్చే పట్టీలు అందులో ఉన్నాయి. నేను స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు కాలమ్స్ పెట్టా: చోటు, విలన్, వస్తువు, ట్విస్టు. ఒక్కోదాన్లో 20 వరసలు. ఇరవైని నాలుగుసార్లు గుణిస్తే 1,60,000. లక్షా అరవై వేల ప్లాట్లు! గ్రూపులో గొప్పగా పోస్ట్ కూడా పెట్టా, పిన్ని కూతురు ఒక చప్పట్ల బొమ్మ పడేసింది.

వచ్చినవాటిలో మూడు ఇవి. పాడుబడ్డ గుళ్ళో నెక్రోమాన్సర్ (శవాల్ని లేపే మాంత్రికుడు) వెండి వేణువు కోసం వెతుకుతున్నాడు, నిజానికి అతను రాజుగారి తమ్ముడు. పాడుబడ్డ గుళ్ళో దొంగల ముఠా నాయకురాలు శపించిన అద్దం దాచింది, అద్దం మాట్లాడుతుంది. పాడుబడ్డ గుళ్ళో డ్రాగన్...

చూశారుగా, చోటు మారట్లేదు.

3వ రోజు

చోటు కాలమ్‌లో 13వ వరస పాడుబడ్డ గుడి. అదే పదేపదే పడుతోంటే మొదట నా ఖర్మ అనుకున్నా, తర్వాత పాచిక మీద అనుమానం వచ్చింది. దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. స్టీలు గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి, పాచిక తేలేదాకా ఉప్పు కలుపుతూ పోవాలి (చాలా ఉప్పు పడుతుంది, అమ్మ చూడకుండా చెయ్యండి), తేలాక వేలితో తిప్పి వదిలితే బరువున్న పక్క కిందికి పోతుంది, పైన ఏ అంకె ఆగుతుందో చూడటమే. మంచి పాచికైతే ఒకే అంకె పదేపదే రాకూడదు. నాది పదిసార్లు తిప్పితే ఆరుసార్లు 13 దగ్గరే ఆగింది. ఇరవై ముఖాల పాచికలో ఎదురెదురు అంకెలు కలిపితే 21 రావాలి కాబట్టి 13కి అడుగున ఉండేది 8, అంటే ఆ 8 పక్కనే బరువెక్కువన్నమాట. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందని కొన్న సెట్టు, అనుభవించాల్సిందే.

అది పక్కన పడేసి ఇంకో పాచికతో వేశా. ఇప్పుడు చోట్లు మారుతున్నాయి, కథలు మాత్రం అంతే చప్పగా ఉన్నాయి. అంటే తప్పు పాచికది కాదు.

5వ రోజు

అక్కకి ఫోన్ చేసి ఐదు ప్లాట్లు వరసగా చదివి వినిపించా. ఐదూ ఓపిగ్గా విని "బానే ఉన్నాయిరా, అయితే మాకేంటి?" అంది.

ఈ ఒక్క మాట దగ్గర నా స్ప్రెడ్‌షీట్ మొత్తం కూలిపోయింది. ఆ నెక్రోమాన్సర్ వేణువు వెతుక్కుంటున్నాడు, సరే, వెతుక్కోనీ. మనవాళ్ళు వెళ్ళకపోతే ఏమవుతుంది? ఏమీ అవ్వదు, అతను గుళ్ళోనే కూర్చుంటాడు, మనం తలుపు తీసేదాకా అక్కడే ఉంటాడు, అచ్చం మ్యూజియంలో బొమ్మలాగా. నా పట్టీల్లో పేర్లూ వస్తువులే ఉన్నాయి తప్ప ఎవరికీ ఏ అవసరమూ లేదు, ఎవరికీ తొందర లేదు.

మధ్యలో ఒక పూట చాట్‌బాట్‌ని కూడా అడిగా, దాచడం ఎందుకు. పది ఐడియాలిమ్మంటే టకటకా ఇచ్చింది, అందులో ఏడింట్లో ఒక పురాతన జోస్యం, నాలుగింట్లో నెమ్మదిగా చచ్చిపోతున్న అడవి. సత్రం యజమానుల పేర్లు, పూటకూళ్ళింట్లో వంటకాల పేర్లు కావాలంటే బానే పనికొస్తుంది, అలాంటివి వంద అడిగి దాచుకున్నా. కథకి మాత్రం ఆ డబ్బా వేరే, నా డబ్బా వేరే.

9వ రోజు

చీరాలలో పెళ్ళికెళ్ళాం. ముహూర్తం రాత్రికి, పగలంతా ఖాళీ, మావయ్య మమ్మల్ని కారెక్కించుకుని మోటుపల్లి చూపిస్తానని తీసుకెళ్ళాడు. ఇప్పుడది మామూలు ఊరే గానీ కాకతీయుల టైంలో పెద్ద రేవు. అక్కడి గుళ్ళో స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. స్కూల్లో రెండు మార్కుల ప్రశ్నకి బట్టీపట్టిన పేరే, అందులో ఏముందో అప్పుడు ఎవరు పట్టించుకున్నారు.

ఉన్నదేంటంటే, అంతకుముందు రాజులు తుఫానులో చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా, బంగారం, ఏనుగులు, గుర్రాలతో సహా, బలవంతంగా లాగేసుకునేవాళ్ళు. మేం అలా చెయ్యం, ప్రాణాలకి తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళు కాబట్టి న్యాయమైన సుంకం తప్ప ఏదీ ముట్టుకోం అని గణపతిదేవుడు రాయించాడు. సుంకం ముప్పైకి ఒక వంతు.

మంచి పని, అందరూ మెచ్చుకోవాల్సిన పని. నేను మాత్రం గుడి మెట్ల మీద కూర్చుని వేరే ఆలోచనలో పడ్డా, ఇన్నాళ్ళూ ఆ కొట్టుకొచ్చిన సరుకు మీద బతికినవాళ్ళ సంగతేంటి? కొయ్యలు ఏరుకునేవాళ్ళు, తడిసిన బట్ట ఆరబెట్టి అమ్ముకునేవాళ్ళు, ఇంత వాటా తిన్న చిన్న ఉద్యోగి, వీళ్ళు శాసనం చదివిన రోజు రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకుని ఉంటారు? ఇది శాసనంలో లేదు, నా ఊహే. కానీ ఆ ఊహలో పది నిమిషాల్లో నాకు దొరికిన కథ లక్షా అరవై వేలలో దొరకలేదు.

విలన్ ఎవరు అని మొదలుపెట్టడమే నా తప్పు. ఒక మంచి పని జరిగింది, దానివల్ల ఎవరు మునిగారు? ఇక్కడ మొదలుపెడితే విలన్ తనంతట తనే నడుచుకుంటూ వస్తాడు, వాడికి పెళ్ళాం పిల్లలు కూడా ఉంటారు.

తిరుగు ప్రయాణంలో మావయ్య ఇంకోటి చెప్పాడు, మార్కో పోలో రాసిన ముత్ఫిలి ఈ మోటుపల్లేనట. అది నాకు కొంచెం తెలుసు, పాములున్న లోతైన లోయల్లో వజ్రాలుంటాయని, పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు వాటికి అతుక్కుంటాయని, గద్దలు ఆ ముక్కలు ఎత్తుకెళ్తే జనం వాటిని తరిమి వజ్రాలు ఏరుకుంటారని ఆయన రాశాడు. చీటీ మీద రాసి డబ్బాలో వేశా: గద్దలు రావడం మానేశాయి.

12వ రోజు, ఆట

పట్టీ లేకుండా, చేత్తో అల్లిన కథతో ట్రయల్ వేశా. ఊరి పేరు దీపాలదిన్నె, రేవు దగ్గర పల్లె. కొత్త రాణి ఓడల దోపిడీ ఆపేసింది. అయినా అమావాస్యకి అమావాస్యకి ఒక ఓడ రాళ్ళకి కొట్టుకుంటోంది, ఎవరో దిబ్బ మీద దీపం జరిపి దారి తప్పిస్తున్నారు. ఎవరో పట్టుకోమని ఒక వర్తకుడు మనవాళ్ళకి డబ్బిచ్చాడు.

డీఎంల దగ్గర ఒక పాత సూత్రం ఉంది, ఆటగాళ్ళకి తెలియాల్సిన ప్రతి విషయానికీ కనీసం మూడు ఆనవాళ్ళు పెట్టాలి, ఎందుకంటే ఒకటి వాళ్ళు చూడరు, రెండోది తప్పుగా అర్థం చేసుకుంటారు. నేను పెట్టినవి: దిబ్బ మీద కొత్తగా ఒలికిన ఆముదం, ఒక గుడిసెలో కొత్త పరదేశీ పట్టు పరుపు, ఊళ్ళో ఎవరూ అమావాస్య నాడు వేటకెళ్ళకపోవడం. ఆముదం చూడలేదు. పట్టు పరుపు చూసి బావ "వీడికి కట్నం బాగా ముట్టింది" అన్నాడు. మూడోది పిన్ని కూతురు పట్టేసింది.

దీపం జరిపేది దీపాలు వెలిగించే ముసలామే. బావ గొడ్డలి తీశాడు, అక్క అడ్డం నిలబడింది, ఈలోపు ఇంతవరకు నోరు విప్పని మా జూనియర్ "అన్నా, ఆ ముప్పైకి ఒక వంతు సుంకం ఎవరికెళ్తుంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రాణి ఖజానాకి అన్నా. "మరి అందులో కొంత ఈ ఊరికిస్తే వీళ్ళే నిజమైన దీపం కాపలా కాస్తారు కదా" అన్నాడు. తర్వాత గంటంపావు సేపు సుంకం బేరం. మా అక్క, రాణి తరఫు అధికారి వేషంలో ఉన్న నేను, నలభైకి ఒకటా యాభైకి ఒకటా అని అరుచుకుంటోంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏం గొడవరా అని చూసి వెళ్ళింది.

బాగా వచ్చింది, కానీ ఆ గంటంపావూ ఊళ్ళో ఏమీ జరగలేదు. ఓడ రాలేదు, అమావాస్య అవ్వలేదు, వర్తకుడు అసహనపడలేదు. పిన్ని కూతురు ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. అంటే ఇంకేదో లోటుంది.

14వ రోజు

ఆ లోటు గడువు. పల్నాటి కథ గుర్తొచ్చి పట్టుకున్నా. నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెం మనందరికీ తెలుసు, ఎవర్నడిగినా కోడిపందెం దగ్గరే మొదలుపెడతారు. ఆటకి మాత్రం పందెం రోజు పనికిరాదు, ఎందుకంటే అక్కడ మనవాళ్ళు చేసేదేముంది, కోడిని పట్టుకోవడం తప్ప. ఓడినవాళ్ళు ఏడేళ్ళు ఊరొదిలి వెళ్ళాలి, గడువయ్యాక రాజ్యం తిరిగివ్వాలి. నేనైతే ఏడేళ్ళు నిండడానికి పది రోజుల ముందు మొదలుపెడతా. రాజ్యం అడగడానికి అలరాజుని రాయబారం పంపుతున్నారు, ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చే ఉద్దేశం లేదు, అలరాజుకి తోడుగా దారి కాచేవాళ్ళు కావాలి. అసలు కథలో అలరాజుకి విషం పెట్టారు, ఆ తర్వాతే కారెంపూడిలో యుద్ధం. మన టేబుల్ మీద ఏమవుతుందో ఎవరికి తెలుసు! (పల్నాడు పేరుతో ఆడించను, మా బావది ఆ వైపు ఊరే, ఆట ఆగిపోయి వాదన మొదలవుతుంది. పేర్లు మార్చేస్తా.)

గడువు చూపించడానికి ఒక కాగితం మీద గుండ్రం గీసి ఆరు ముక్కలు చేశా. మనవాళ్ళు టైం వృథా చేసినా, పాచిక బాగా చెడ్డా ఒక ముక్క నల్లగా నింపుతా, అందరికీ కనపడేట్టు టేబుల్ మధ్యలో. ఆరూ నిండితే జరగాల్సింది జరిగిపోతుంది. ఇది కూడా నేను కనిపెట్టింది కాదు, చాలా ఆటల్లో వాడతారు, ఇన్నాళ్ళూ నేనే బద్ధకించా.

17వ రోజు

డబ్బా మూడో వెర్షన్. స్ప్రెడ్‌షీట్ తీసేసి చీటీలు, ఆరు కాలమ్స్, ఒక్కోదాన్లో ఆరు వరసలే, మామూలు లూడో పాచిక చాలు. జరిగిన మంచి పని, దానివల్ల మునిగినవాళ్ళు, వాళ్ళ చేతిలో మిగిలింది, గడువు, మనవాళ్ళని పిలిచేదెవరు, పిలిచినవాళ్ళు దాచేదేంటి. లెక్కకి 46,656 వస్తాయి, లక్షా అరవై వేల నుంచి పడిపోయాం, ఏం పర్లేదు.

చెత్త రాదా అంటే వస్తుంది. ఇందాకే ఒకటి, బావి తవ్వడం వల్ల పురోహితులు నష్టపోయారట, వాళ్ళ చేతిలో వేటకుక్కలున్నాయట, అరగంట కూర్చున్నా అతకలేదు. ఇప్పుడు రూల్ పెట్టుకున్నా, ఒక్క కాలమ్ మాత్రం మళ్ళీ వెయ్యొచ్చు, రెండోది వెయ్యాలనిపిస్తే మొత్తం చింపేసి పడుకోవాలి.

తర్వాత వేసింది, పాచిక పడ్డట్టే రాస్తున్నా. 4: నది మీద వంతెన కట్టారు. 1: పడవలవాళ్ళు. 5: నదిలో ఉండేదానితో తాతల నాటి ఒప్పందం. 2: తొలి వాన. 3: మేస్త్రి భార్య. 6: పునాదిలో ఏదో పెట్టారు.

చదవగానే చెయ్యి జివ్వుమంది. పడవలవాళ్ళు దానికి ఏటా ఏదో ముట్టజెప్పేవాళ్ళు, అందుకే అది ఊరి జోలికొచ్చేది కాదు. వంతెనొచ్చాక పడవలకి గిరాకీ లేదు, ముట్టజెప్పే స్తోమత లేదు, చెప్పినా ఎవరూ వినట్లేదు. తొలి వానకి అది వస్తుంది. మేస్త్రి రాత్రిళ్ళు నిద్రలో కలవరిస్తున్నాడు, ఆమెకి భయమేసి మనవాళ్ళని పిలిచింది. పునాదిలో ఏముందో? దాని గుడ్డు అని రాసుకున్నా.

18వ రోజు

అమ్మ పాత అష్టాచెమ్మా గవ్వలు తీసిచ్చింది. నాలుగు గవ్వలు వేస్తే అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా, రెండూ అరుదు, మధ్యవే ఎక్కువ. ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకీ ఐదు శాతమే, అంటే పిడుగు పడటానికీ పాలు విరగడానికీ సమానం. గవ్వలు అలా కాదు. సగం సగం పడతాయనుకుంటే పదహారుకి ఒకసారి చెమ్మా, పదహారుకి ఒకసారి అష్టా, ఆరుసార్లు రెండూ రెండూ. (నిజం గవ్వ అటూ ఇటూ సమానంగా ఉండదులెండి.) కాబట్టి ఆట ముగిసిన ప్రతిసారీ మునిగినవాళ్ళ తరఫున గవ్వలు వేస్తా. మామూలుగా పడితే వాళ్ళు ఓపిక పడతారు లేదా చిన్న పని చేస్తారు, చెమ్మా పడితే రాజీకొస్తారు, అష్టా పడితే తెగించేస్తారు. పిన్ని కూతురికి ఈ భాగం ఎంత నచ్చిందంటే గవ్వలు తనే వేస్తానని ఇప్పటినుంచే బుక్ చేసుకుంది.

19వ రోజు, ఆట

ఈసారి ఇంకో ట్రిక్కు, ఇది కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్నా. అందులో మణిసిద్ధుడు కాశీకి బయల్దేరితే తోడొచ్చే గోపాలుడు మజిలీకో కథ చెప్తేనే వస్తానంటాడు. మజిలీలో ఆగగానే వాడు ఊళ్ళోకెళ్ళి ఏదో వింత చూసొస్తాడు, అదేంటో చెప్పమంటాడు, కథ అక్కణ్ణుంచి మొదలు. వింత ముందు, ప్రశ్న గోపాలుడిది, జవాబు తర్వాత. నేను ఇన్నాళ్ళూ జవాబుతో మొదలుపెట్టి చంపుతున్నా.

అందుకని ఏమీ వివరించకుండా వంతెన చూపించా. మండుటెండ, నది ఎండిపోయి ఇసుక తేలింది. వంతెనకి ఐదు స్తంభాలు. మూడో స్తంభం మాత్రం నిలువునా తడిగా ఉంది, దాని మొదట్లో ఎవరో పసుపు రాశారు.

చెప్పి ఆపేశా. టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మెల్లగా అక్క "పసుపు కొత్తదా పాతదా?" అంది. కొత్తది, పొద్దున రాసిందే. "ఏ ఎత్తులో ఉంది?" మోకాలి ఎత్తులో. "అయితే ముసలివాళ్ళో పిల్లలో రాసుంటారు, కూర్చుని." ఈ సంగతి నేను అనుకోనే లేదు, పడవలవాళ్ళ పిల్లని అప్పటికప్పుడు పుట్టించా, మా జూనియర్ బెల్లం ముక్క ఇచ్చి మాట కలిపాడు. పాట కూడా పాడాడు, రెండు లైన్లు, శ్రుతి సంగతి వదిలేద్దాం.

చక్రంలో మూడు ముక్కలు నిండేసరికి పిన్ని కూతురు ఫోన్ బోర్లా పెట్టేసింది. అప్పుడు అక్క బావతో గుసగుసగా అంది, "స్తంభం కింద పడవలవాళ్ళ అమ్మవారు ఉందేమో, వంతెన నిలబడాలని మేస్త్రి రాత్రిపూట విగ్రహం ఎత్తుకొచ్చి పునాదిలో వేసేశాడు." నా కాగితం మీద గుడ్డు అని ఉంది. గుడ్డు కొట్టేసి అమ్మవారు అని రాశా, వాళ్ళకి చెప్పలేదు, ఇది చదివాక తెలుస్తుంది, తిట్టుకోండి.

స్తంభం పగలగొడితే వంతెన పడుతుంది, వదిలేస్తే తొలి వానకి నది లేస్తుంది. ఐదో ముక్క నింపేసరికి మబ్బు పట్టింది (ఆటలో). వంతెన పడగొట్టాలని అక్క, వద్దని జూనియర్, మేస్త్రిని నదిలో వెయ్యాలని పిన్ని కూతురు. తేలలేదు. రాత్రి పదిన్నరకి ఆపాం, మిగతాది వచ్చే ఆదివారం. పిన్ని కూతురు గవ్వలు విసిరింది, మూడు బోర్లా పడ్డాయి, నాలుగోది బల్ల అంచు దాకా దొర్లి వెల్లకిలా ఆగింది. పడవలవాళ్ళు ఇంకో వారం ఓపిక పడతారు.

20వ రోజు

డబ్బాలో చెయ్యాల్సిన పనులు: "మునిగినవాళ్ళు" కాలమ్‌లో వ్యాపారస్తులు ఎక్కువైపోయారు, ఆడవాళ్ళ పనులు, పిల్లల పనులు కలపాలి. "గడువు" కాలమ్‌లో నాలుగు వానకి సంబంధించినవే, హైదరాబాద్‌లో కూర్చుని జూన్‌లో రాస్తే అంతే మరి. గద్దల చీటీ ఇంకా వాడలేదు.

పొద్దున బావ మెసేజ్: "వంతెన సూపర్ రా. కానీ రెండు ఆటల నుంచి గొడ్డలి తీస్తే మీ అక్క ఆపుతోంది, దానికి తుప్పు పట్టేలా ఉంది. ఒక్క గుహ పెట్టు."

పెడతా అన్నా. ఆ స్తంభం కింద నుంచి ఒక దారి కిందికి పోతుందని ఇప్పుడే రాసుకున్నా.